ఏనుగు చవక, అంకుశం ప్రియం

మా మనవడికి పదకొండేళ్లు. మొన్న వేసవి సెలవులకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "నాన్నమ్మా, వజ్రాలు కొనిపెడతావా?" అని అడిగాడు. మా ఇంట్లో మగవాళ్లు ఆడవాళ్లకి వజ్రాలు కొనిపెట్టిన దాఖలాలే లేవు. ఇక ఆడవాళ్లు మగపిల్లలకి కొనిపెట్టడమంటారా, మూడు తరాల్లో ఎవరూ విని ఉండరు. కాసేపు ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాడడిగేవి ఫోనులో ఆడే ఏదో ఆటలోని వజ్రాలట. వాటిని పెట్టి ఆటలో బొమ్మకి చొక్కాలూ, టోపీలూ, తుపాకీకి రంగులూ కొనుక్కోవచ్చట. ఎనభైతొమ్మిది రూపాయలిస్తే గుప్పెడు వజ్రాలు ఇస్తారట. "రూపాయలేమో నిజంవి, వజ్రాలేమో ఉత్తుత్తివి. ఇదెక్కడి బేరంరా!" అని నవ్వేసి, పెసరట్లు వెయ్యడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

నెలాఖరుకి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. మావారి పెన్షను పడే ఖాతాలోంచి 89 రూపాయల చొప్పున పదిహేడుసార్లు, వెరసి 1,513 రూపాయలు వెళ్లిపోయాయి. ఎప్పుడో రీఛార్జి కోసం మావారు తన కార్డు వివరాలు ఆ ఫోనుకి అప్పజెప్పారు. అది బుద్ధిగా గుర్తుపెట్టుకుంది. ఇక మిగిలింది ఓటీపీ ఒక్కటే. అదొచ్చేదీ ఆ ఫోనుకే, ఆ ఫోనుండేదీ వీడి చేతిలోనే. పాపం, ఆయన మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసే వేళకి పక్కగదిలో వజ్రాల వ్యాపారం దివ్యంగా జరిగిపోతూండేదన్నమాట.

నాకు ఒళ్లు మండింది. "దొంగవెధవా!" అనేశాను. వాడు ఏడవలేదు. నావంక తెల్లబోయి చూసి, "నేను దొంగతనం చెయ్యలేదు నాన్నమ్మా. అది అడిగింది, నేను నొక్కాను" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అది అడిగిందట! ఎవరా 'అది'? కూరలబండి దగ్గర వంకాయలు తూస్తూంటే మన కళ్లు తక్కెడ మీదే ఉంటాయి. పాలు పలచనయితే మర్నాడే పాలవాణ్ణి నిలదీస్తాం. చీరలకొట్లో 'బేరములు లేవు' అని గోడకి బోర్డు వేలాడుతున్నా సగం ధరకి అడిగి చూస్తాం. ఇంత గడుసువాళ్లం, ఈ 'అది' దగ్గరికి వచ్చేసరికి ఎలా బోల్తాపడ్డాం? ఆ ఉక్రోషంతో నాలుగు వారాలపాటు ఈ ఆటల వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు దొరికినంత మేరకు చదివాను. చదివాక తెలిసింది, ఇది నిన్నమొన్నటి రోగం కాదు సుమండీ. వయసు యాభై దాటింది.

టీవీకి తగిలించి ఆడుకునే మొట్టమొదటి పెట్టె 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. పేరు ఆడిసీ. మాగ్నవాక్స్ అనే టీవీల కంపెనీ దాన్ని సుమారు వంద డాలర్లకి అమ్మింది. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ బేర్ హిట్లరు బారినుంచి తప్పించుకుని 1938లో తల్లిదండ్రులతో అమెరికా చేరిన యూదు పిల్లవాడు. పెద్దయి ఇంజనీరయ్యాడు. టీవీ ముందు చేతులు ముడుచుకు కూర్చోవడమేనా, దానితో ఆడుకుంటే ఏం అన్నది ఆయన ఆలోచన. ఆ పెట్టెకి రంగులు రావు, చప్పుడు రాదు, ఎవరు గెలిచారో లెక్క కట్టడమూ రాదు. తెరమీద రెండుమూడు తెల్ల చుక్కలు అటూఇటూ కదులుతాయి, అంతే. ఆటస్థలం బొమ్మ కనిపించాలంటే రంగుల ప్లాస్టిక్ కాగితం టీవీ అద్దానికి అంటించుకోవాలి. మన ఇళ్లలో మామూలు టీవీ ముందు నీలం అద్దం బిగించి, కలర్ టీవీ వచ్చేసినంత సంబరపడ్డ రోజులు గుర్తొచ్చి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అయితే చూడండి, ఆ పెట్టె ఏ కంపెనీ టీవీకైనా పనిచేస్తుంది. కాని అమ్మింది మాగ్నవాక్స్ దుకాణాల్లో కాబట్టి, దీనికి మాగ్నవాక్స్ టీవీయే కావాలి కాబోలు అని చాలామంది అనుకున్నారు. దుకాణాలవాళ్లలో కొందరు ఆ అపోహ తీర్చే బదులు పెంచారంటారు. అంటే ఆట పుట్టిన ఏడాదే అనుమానమూ పుట్టిందన్నమాట, కవలపిల్లల్లాగ.

ఆ 1972లోనే కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్లో, ఒక సారాదుకాణంలో, అటారీ కంపెనీ 'పాంగ్' అనే ఆట మిషను పెట్టింది. పావు డాలరు వేస్తే ఒక ఆట. కొద్దిరోజులకే మిషను చెడిపోయిందని కబురు. ఇంజనీరు వెళ్లి విప్పి చూస్తే, మిషనుకేం రోగం లేదు, డబ్బాలో నాణేలు నిండిపోయి ఊపిరాడటం లేదు! ఈ పద్ధతికి నేను పెద్దగా పేరుపెట్టను. నాణెం చేతిలోంచి పోతూంటే చెయ్యికి తెలుస్తుంది. జేబులో చిల్లర అయిపోతే కాళ్లు వాటంతటవే ఇంటిదారి పడతాయి. ఆ చెయ్యికి తెలియకుండా చెయ్యడం ఎలా అన్నదే తర్వాతి యాభైయేళ్ల చరిత్రంతా.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడాడని మన పెద్దవాళ్లు పిసినిగొట్టుని వెక్కిరించేవారు. ఆటల వ్యాపారులు ఆ సామెతని తిరగేశారు. ఏనుగుని చవగ్గా, ఒక్కొక్కప్పుడు నష్టానికే, తెచ్చి మన వాకిట్లో కట్టేస్తారు. కట్టేశాక అంకుశానికొక ధర, మెడలో గంటకొక ధర, మావటివాడికి నెలనెలా జీతం. ఏనుగు గుమ్మంలో ఉన్నాక కొనక చస్తామా? 1977లో అటారీ అమ్మిన ఇంటి ఆటపెట్టె సుమారు రెండువందల డాలర్లు. అందులో దూర్చే ఒక్కొక్క ఆట, కార్ట్రిడ్జి అంటారు, ఇరవై ముప్పై డాలర్లు. లాభమంతా ఆ కార్ట్రిడ్జీల్లోనే.

లాభం కనిపించేసరికి ఈగల్లా ముసిరారు. ఎవరుపడితే వాళ్లు, ఏదిపడితే అది, ఆటలు తయారుచేసి దుకాణాలు నింపేశారు. కొని ఇంటికి తీసుకెళ్లి ఆడితే తప్ప మంచిదో చెడ్డదో తెలియదు. అట్టపెట్టె మీద బొమ్మ రవివర్మ చిత్రంలా ఉంటుంది, లోపల తెరమీద నాలుగు చతురస్రాలు. 1982లో స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.' సినిమా ఆడినంత కాలం ఆడింది గదా, ఆ పేరుతో ఒక ఆట క్రిస్మసుకి అందెయ్యాలని అటారీ తొందరపడింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క కుర్రాడికి పనప్పగించి అయిదువారాలు గడువిచ్చారు. అయిదువారాల్లో ఆవకాయైనా సరిగ్గా ఊరదు! ఆ ఆటలో పాపం ఆ ఇ.టి. ప్రతి రెండడుగులకీ గోతిలో పడుతుంది. గోతిలోంచి పైకొస్తుంది, మళ్లీ పడుతుంది. దాదాపు నలభై లక్షల కార్ట్రిడ్జీలు చేస్తే సగానికి పైగా మిగిలిపోయాయి. అమ్ముడుపోయినవాటిలోనూ ఎన్నో తిరిగొచ్చాయి. 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో ఊరి చెత్తదిబ్బలో, లారీలకొద్దీ సరుకు గొయ్యి తీసి పాతిపెట్టి, పైన కాంక్రీటు పోశారు. ఇదంతా పుకారని చాలా ఏళ్లు కొట్టిపారేసినవాళ్లున్నారు. 2014 ఏప్రిల్లో తవ్విచూస్తే బయటపడ్డాయి. అన్ని ఆటలూ కలిపి ఏడులక్షలకు పైగా పాతిపెట్టి ఉంటారని అప్పటి కంపెనీ మేనేజరు ఒకాయన చెప్పాడు.

ఆ రెండేళ్లలో అమెరికాలో ఆటల వ్యాపారం మూడువందల కోట్ల డాలర్లకి పైనుంచి పదికోట్ల స్థాయికి కూలిపోయింది. దీన్ని చరిత్రకారులు 'పతనం' అని పెద్ద పేరు పెట్టి రాస్తారు. నాకు మాత్రం వేరేగా అనిపించింది. లక్షల ఇళ్లలో అమ్మలు "ఇంక చాలు, ఆ చెత్త మళ్లీ కొనను" అని ఉంటారు. ఆ అమ్మల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

కూలిన ఇంటి జాగాలో జపాను కంపెనీ నింటెండో వచ్చి మేడ కట్టింది. 1985లో న్యూయార్కులో మొదలుపెట్టారు. వాళ్లు మంచి పాఠమే నేర్చుకున్నారు. నాసిరకం ఆటలు రాకుండా పెట్టెలోపల ఒక తాళం చిప్పు పెట్టారు. తాము ఒప్పుకున్న కార్ట్రిడ్జి అయితేనే అది తెరుచుకుంటుంది. బయట కంపెనీ ఏదైనా ఏడాదికి అయిదు ఆటలకి మించి చెయ్యకూడదు. కార్ట్రిడ్జీలు మాత్రం నింటెండోయే తయారుచేసి, డబ్బు ముందే వసూలు చేసుకుంటుంది. పైన బంగారు రంగులో నాణ్యతా ముద్ర. మన నేతిడబ్బా మీద అగ్‌మార్క్ లాంటిదనుకోండి. కాకపోతే అగ్‌మార్క్ వేయించేది ప్రభుత్వం, ఇక్కడ ముద్రవేసేదీ తాళం తిప్పేదీ సరుకమ్మేదీ ఒక్కరే. నాణ్యత పెరిగిన మాట నిజం, కాదనను. కాని కుక్కలు రాకుండా ప్రహరీగోడ కట్టినవాడు, ఆ గోడకి ఒకే గుమ్మం పెట్టి గుమ్మం దగ్గర తాను కుర్చీ వేసుకు కూర్చుంటే ఏమవుతుంది?

ఏమయిందంటే, ఆ పెట్టె ధర 99 డాలర్ల 95 సెంట్లు. మన బాటా ధరలాగ, వందకి అయిదు సెంట్లు తక్కువ. ఈ ఊళ్లోనూ అంతే, ఆ ఊళ్లోనూ అంతే. ఏ దుకాణం వాడైనా పోటీకోసం కాస్త తగ్గించి అమ్ముదామంటే, నీకు సరుకు ఆలస్యమవుతుందని నింటెండో బెదిరించిందని అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషనూ, రాష్ట్రాలూ ఆరోపించాయి. పండగ ముందు సరుకు ఆగితే దుకాణదారుడి పని గోవిందా! 1991 ఏప్రిల్లో, తప్పు చెయ్యలేదంటూనే, కంపెనీ రాజీకి వచ్చింది. ఆ రెండున్నరేళ్లలో పెట్టె కొన్నవాళ్లకి పరిహారం ఇవ్వాలన్నారు. ఎంతనుకున్నారు? మనిషికి అయిదు డాలర్ల కూపను.

నోటు కాదు, చెక్కూ కాదు, కూపను. అది చెల్లేదెక్కడ? ఇంకో నింటెండో ఆట కొన్నప్పుడు! అంటే ఇడ్లీలో వెంట్రుక వచ్చిందని మొరపెట్టుకుంటే, "అయ్యో, అలాగా! రేపొచ్చి ఇంకో రెండు ప్లేట్లు తినండి, అర్ధరూపాయి తగ్గిస్తాం" అన్నట్టు లేదూ? మొత్తం రెండున్నరకోట్ల డాలర్ల దాకా కూపన్లు పంచాలన్నది రాజీ. దాన్ని శిక్ష అనాలో, సంక్రాంతి స్పెషల్ సేల్ అనాలో నాకైతే తెలియలేదు. అప్పుడే విమర్శకులు కూడా ఆ మాటే అన్నారు.

యూరప్‌లో మాత్రం పప్పులు ఉడకలేదు. ఒకే ఆట బ్రిటన్‌లో చవగ్గానూ, జర్మనీ, హాలెండుల్లో ప్రియంగానూ అమ్ముతూ, చవకదేశంలో కొన్న సరుకు ప్రియదేశానికి పోకుండా పంపిణీదార్లతో కట్టుబాటు చేసుకున్నారని, 2002లో యూరోపియన్ కమిషన్ నింటెండోకీ పంపిణీదార్లకీ కలిపి దాదాపు 16 కోట్ల 78 లక్షల యూరోలు జుర్మానా వేసింది. 2009లో కోర్టు నింటెండో వాటాని కొంత తగ్గించిందనుకోండి, అయినా కూపన్లు కావు, సొమ్మే.

మన దేశానికి ఈ పెట్టెలు అసలు దారిలో కంటే కొసరు దారిలోనే ఎక్కువ వచ్చాయి. తొంభైల్లో నకలు పెట్టెలు, పసుపూ నీలం కార్ట్రిడ్జీలు సందుసందునా అమ్మేవారు. వాటిమీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. అంటే కోటికి ఒకటి తక్కువ ఆటలు! మా అబ్బాయి ఒకటి కొనిపించుకున్నాడు. తీరా పెట్టి చూస్తే పది పన్నెండు ఆటలు, అవే మళ్లీ మళ్లీ వేరే పేర్లతో. నేను దుకాణానికి పోయి గొడవపడితే, "ఆడి లెక్కపెట్టారా అమ్మా?" అన్నాడు కొట్టువాడు. నిజమేగదా, రోజుకి వంద ఆడినా రెండువందల డెబ్భైయేళ్లు పడుతుంది. మోసం మరీ ఇంత పెద్దదయితే కోపం కూడా రాదు, నవ్వొస్తుంది. ఇప్పటి మోసాలు చిన్నవి, 89 రూపాయలంతేసి.

ఆ చిన్నవి ఎలా మొదలయ్యాయో చెప్తాను. 2006 ఏప్రిల్లో 'ఆబ్లివియన్' అనే ఆటలో గుర్రానికి కవచం అమ్మకానికి పెట్టారు. అప్పటికే పూర్తి ధరకి ఆట కొన్నవాళ్లకి ఈ కవచం అదనం, రెండున్నర డాలర్లు. ఆ కవచం వల్ల ఒరిగేది పెద్దగా లేదు, చూడ్డానికి జిగేల్‌మంటుంది. ఆడేవాళ్లు గగ్గోలు పెట్టారు, హేళన చేశారు. అయినా కొన్నవాళ్లు కొన్నారు. కంపెనీలు గగ్గోలు విననట్టు నటించి, గల్లాపెట్టె చప్పుడు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

అన్నట్టు ఆ కవచం ధర డాలర్లలో రాయలేదు. 200 మైక్రోసాఫ్ట్ పాయింట్లని రాశారు. డాలరుకి ఎనభై పాయింట్లు! వందకాదు, ఎనభై. వందైతే చంటిపిల్లాడు కూడా మనసులో లెక్కకట్టేస్తాడు గదా. పైగా పాయింట్లు కట్టలుగా అమ్ముతారు, మనకి కావలసినన్ని సరిగ్గా దొరకవు, ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి. మిగిలినవి పారెయ్యలేక ఇంకో కట్ట. కిరాణాకొట్లో చిల్లర లేదని చేతిలో చాక్లెట్లు పెట్టే పద్ధతికి ఇది అన్నగారు. చాక్లెట్టయితే కనీసం తింటాం. మైక్రోసాఫ్ట్ 2013లో ఆ పాయింట్లు ఎత్తేసింది గాని, ఆ తెలివి మాత్రం ఊరంతా పాకింది. రత్నాలు, నాణేలు, వజ్రాలు, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. మన దేశంలో పేకెట్టు సరుకు మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర అచ్చువెయ్యాలన్న నిబంధన 1990 నుంచీ ఉంది. సబ్బుబిళ్ల మీద కూడా బరువూ ధరా చూసి కొంటాం. వజ్రానికి బరువెంత, తులమా, గింజా? 2025 మార్చిలో యూరప్ వినియోగదారుల రక్షణ అధికారులు ఈ ఆట డబ్బు పక్కన అసలు డబ్బులో ధర ఎంతో స్పష్టంగా చూపాలని సూత్రాలు ప్రకటించారు. ముప్ఫై అయిదేళ్లకి సబ్బుబిళ్ల దాకా వచ్చారన్నమాట.

ఇంక లాటరీ సంగతి. మన చిన్నప్పుడు బినాకా పేస్టు డబ్బాలో ఒక ప్లాస్టిక్ బొమ్మ వచ్చేది గుర్తుందా? ఏ జంతువు వస్తుందో తెలియదు. ఏనుగు కోసం ఎన్ని పేస్టులు వాడించామో! జపాన్‌లో నాణెం వేసి తిప్పితే బొమ్మ ఉన్న గుండ్రటి డబ్బా జారిపడే మిషన్లు అరవైల నుంచీ ఉన్నాయి. దాన్నే ఫోను ఆటల్లోకి తెచ్చారు. డబ్బుపెట్టి మూసిన పెట్టె కొనాలి, లోపల ఏముందో దేవుడికీ కంపెనీకీ తెలుసు. కొన్ని రకాలన్నీ పోగైతేనే పెద్ద బహుమతి అనే పద్ధతి మరీ శ్రుతిమించి, 2012లో జపాన్ వినియోగదారుల ఏజెన్సీ అది చట్టవిరుద్ధమని తేల్చింది. 2017లో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' ఆటలో అందరికీ ఇష్టమైన పాత్ర చేతికి రావాలంటే సుమారు నలభై గంటలు ఆడాలని కొందరు లెక్కగట్టారు. ఓపికలేదా, డబ్బుపెట్టి పెట్టెలు కొనుక్కో. ఆట విడుదలకి ముందురోజు గోల భరించలేక కంపెనీ ఆ అమ్మకాలు ఆపింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో బెల్జియం జూదాల కమిషన్, మరి మూడు ఆటల్లోని ఇలాంటి పెట్టెలు జూదమేనని నిర్మొహమాటంగా చెప్పేసింది. ధర్మరాజంతటివాడు ఒక్కసారి ఓడిపోయి ఊరుకున్నాడా? ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనేగదా ద్రౌపదిదాకా వచ్చింది. మా వాడు పదిహేడుసార్ల దగ్గర దొరికిపోయాడు.

"అది అడిగింది, నేను నొక్కాను" అన్న మాటకి కూడా చరిత్రలో సాక్ష్యం దొరికింది. 2014 జనవరిలో అమెరికాలో ఆపిల్ కంపెనీ, పిల్లలు తెలియక చేసిన కొనుగోళ్లకి కనీసం మూడుకోట్ల పాతికలక్షల డాలర్లు తిరిగిచ్చేందుకు ఒప్పుకుంది. ఒకసారి అమ్మో నాన్నో పాస్‌వర్డు కొడితే ఆ తర్వాత పదిహేను నిమిషాలపాటు గేటు తెరిచే ఉంటుందట! ఆ సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదు. 2022 డిసెంబరులో 'ఫోర్ట్‌నైట్' ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద కేసు ఇంకా పెద్దది, మొత్తం 52 కోట్ల డాలర్లు. అందులో ఇరవైనాలుగున్నర కోట్లు కొన్నవాళ్లకి తిరిగివ్వడానికి. ఒక్క మీట పొరపాటున తగిలినా కొనుగోలు అయిపోయేలా మీటలు అమర్చారన్నది ఆరోపణ. ఇంకా ఘోరం, ఈ డబ్బు మేం ఖర్చుపెట్టలేదని కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసినవాళ్ల ఖాతాలకి తాళం వేసేవారట. అంతదాకా డబ్బుపెట్టి కొన్నవన్నీ లోపలే. అడిగినవాడికి శిక్ష! మిగతా ఇరవైయేడున్నర కోట్లు పిల్లల వివరాలు తల్లిదండ్రులనడక్కుండా సేకరించినందుకు జుర్మానా. 1998లోనే అమెరికాలో దానికి చట్టం ఉంది. ఆ పిల్లలు అపరిచితులతో మాట్లాడే ఏర్పాటు, ఎవరూ కోరకుండానే, తెరిచిపెట్టి ఉండేదట. ఇది చదివినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. నేను బీరువా తాళంచెవి బొడ్లో దోపుకు తిరుగుతున్నాను గాని, వీధిగుమ్మం తలుపు వాడి చేతిలోనే ఉంది.

వివరాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. మనింటి పేరు, పుట్టినతేదీ, ఊరు అడిగితే ఎందుకో ఇచ్చేస్తాం, ఖర్చేముందిలే అని. 2011 ఏప్రిల్లో సోనీ కంపెనీ ఆటల నెట్‌వర్క్‌లోకి దొంగలు పడ్డారు. ఏడుకోట్ల డెబ్భై లక్షల ఖాతాలు! పేర్లు, చిరునామాలు, పుట్టినతేదీలు, పాస్‌వర్డులు పోయాయి. కంపెనీ ఏప్రిల్ 20న నెట్‌వర్క్ మూసింది, దొంగలెత్తుకుపోయిన సంగతి ఖాతాదార్లకి చెప్పింది 26న. పక్కింట్లో దొంగలుపడితే మన వీధిలో కాఫీల వేళకే తెలిసిపోతుంది. తెరిచేసరికి మూడువారాలు దాటింది. సర్ది చెప్పుకోవడానికి రెండు ఉచిత ఆటలిచ్చారు. మళ్లీ ఇడ్లీలే! పుట్టినతేదీని మాత్రం ఎవరు మార్చి ఇస్తారు?

2013 మేలో మైక్రోసాఫ్ట్ కొత్త పెట్టె ప్రకటించింది. దానితో కినెక్ట్ అనే కెమెరా తప్పనిసరి. అది హాల్లో కూర్చుని చూస్తూ వింటూ ఉంటుంది. పెట్టె ఇరవైనాలుగు గంటలకోసారి ఇంటర్నెట్టు ద్వారా కంపెనీకి హాజరు పలకాలి. కొన్న ఆట ఇంకొకరికిచ్చే విషయంలో సవాలక్ష ఆంక్షలు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఈ వారపత్రిక మీరు కొన్నారు, చదివారు, పక్కింటి పిన్నిగారికిద్దామంటే వీల్లేదు, రోజుకోసారి పత్రికాఫీసుకి ఫోను చేసి నేనే చదువుతున్నానని చెప్పుకోవాలి. విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాలమ్మేవాళ్లంతా నేరస్థులన్నమాట! సరిగ్గా మరునెల జూన్లోనే, అమెరికా ప్రభుత్వ గూఢచారుల రహస్యాలు స్నోడెన్ బయటపెట్టడం మొదలుపెట్టాడు. హాల్లో కెమెరా పెట్టుకోమనడానికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు. జనం తిరగబడ్డారు. పోటీదారు సోనీ తన పెట్టెని వంద డాలర్లు తక్కువకి ప్రకటించి, ఆట ఇంకొకరికి ఇవ్వడమెలాగో చూపించే సినిమా తీసింది. అందులో ఒకాయన ఇంకొకాయన చేతిలో డబ్బా పెడతాడు, ఆయన థాంక్స్ అంటాడు, అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండేళ్ల కిందటి ఏడుకోట్ల ఖాతాలూ ఎవరికీ గుర్తురాలేదు పాపం. ఆ జూన్లోనే మైక్రోసాఫ్ట్ ఆంక్షలన్నీ వెనక్కి తీసుకుంది, మరుసటి ఏడాది కెమెరా లేకుండా కూడా అమ్మింది.

ఆ స్నోడెన్ కాగితాల్లోనే ఒక తమాషా ఉంది. అమెరికా, బ్రిటన్ గూఢచారులు ఇంటర్నెట్ ఆటల్లోకి కూడా మారువేషాల్లో దూరారట. ఒక ఆటలో ఎంతమంది గూఢచారులు చేరారంటే, ఒకరినొకరు అనుమానించి పట్టుకోకుండా చూడ్డానికి వేరే ఏర్పాటు కావలసొచ్చిందట! పెళ్లిలో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ రాకుండా వంటవాళ్లే పంక్తుల్లో కూర్చున్నట్టుంది.

పోనీ డబ్బుపెట్టి కొన్నది మనదవుతుందా? 'ద క్రూ' అనే కార్ల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న కంపెనీ తన సర్వర్లు ఆపేసింది, ఇళ్లలో ఉన్న ఆటలన్నీ ఆ క్షణంలో ఊపిరి వదిలాయి. దానిమీద పుట్టిన ఉద్యమానికి యూరప్‌లో పదిలక్షలకు పైగా సంతకాలు పోగయ్యాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి, అమ్మేది సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని ముందే చెప్పాలని చట్టం పెట్టారు. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వివరాల రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. డబ్బుపెట్టి ఆడే పందెం ఆటలని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధిస్తే, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. మా వాడి వజ్రాలు పందెం కిందికి రావట. గెలిస్తే రూపాయి రాదు గదా, పోవడమొక్కటే.

ఈ ఏనుగు ధర కూడా ఇప్పుడు చవక్కాదు. పూర్వం పెట్టె పాతబడినకొద్దీ ధర తగ్గేది. 2020లో వచ్చిన సోనీ పెట్టెకి 2025 ఆగస్టులో అమెరికాలో యాభై డాలర్లు పెంచారు. ఆ ఏడాది జూన్లో వచ్చిన నింటెండో కొత్తపెట్టె 450 డాలర్లు, దానితో వచ్చిన కార్ల ఆట ఎనభై. ఏనుగూ ప్రియమే, అంకుశమూ ప్రియమే. నా శీర్షికే తప్పయ్యేట్టుంది.

మా 1,513 రూపాయల కోసం మావారు ఉత్తరం రాశారు. కొనుగోలు మీ ఫోనులోంచి, మీ అంకెలతోనే జరిగింది కాబట్టి తిరిగివ్వడం కుదరదని సెకనులో జవాబొచ్చింది. అంత త్వరగా చదివేవాళ్లు మనుషులు కారు. కార్డు వివరాలు తీసేయించాం. ఫోను ఇప్పుడు ఆయన తలగడ కింద ఉంటోంది.

దసరా సెలవులకి మనవడు వచ్చినప్పుడు, దొంగవెధవా అన్న మాట వెనక్కి తీసుకున్నానని చెప్పాను. "నీది తప్పు కాదని కాదు, నీ ఒక్కడిదే కాదని" అన్నాను. వాడు అర్థమైనట్టు తలూపాడు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని గోతిలోపడే ఇ.టి. కథ చెప్పాను. పాతిపెట్టిన వాటిని తవ్వితీసి, ఆ ఊరి మునిసిపాలిటీ వాళ్లు వేలం వేస్తే లక్ష డాలర్లకి పైగా వచ్చాయని చెప్పగానే వాడు లేచి కూర్చున్నాడు.

"అయితే నా వజ్రాలు కూడా దాచుంచితే ఎప్పటికైనా రేటొస్తుందా నాన్నమ్మా?"

"వాటిని పాతిపెట్టడానికైనా ఏదీరా?" అన్నాను.

వాడు చీకట్లో చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నెమ్మదిగా, "తాతయ్య ఫోనులో చూసి చెప్పనా?" అన్నాడు.